కంప్యూటర్ యూజర్ గ్రూపుల నిత్య ఖర్చు సభ్యుల చందాలతోనే గడవాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. కంప్యూటర్ యూజర్ గ్రూపులు, అంటే కంప్యూటర్ వాడేవారు ఒకచోట కూడి ఒకరికొకరు సాయం చేసుకునే సంఘాలు, ఒక్కొక్కటిగా ఎందుకు మూతపడుతున్నాయని ఎవరిని అడిగినా దాదాపు ఒకే సమాధానం వస్తుంది. ఇంటర్నెట్‌లో అన్నీ దొరుకుతున్నాయి కాబట్టి నలుగురు ఒకచోట కూడి కంప్యూటర్ గురించి మాట్లాడుకోవలసిన అవసరం తీరిపోయిందని, సభ్యులు తగ్గడం సహజమేనని అంటారు. కొన్నేళ్లుగా అటువంటి ఒక గ్రూపుకు కోశాధికారిగా పనిచేస్తున్న నేను ఈ మాటతో ఏకీభవించలేను. నేను దగ్గరి నుంచి చూసినంతలో, జనం రాక గ్రూపులు ఆగిపోవడం తక్కువ. సమావేశం జరపడానికి నెలకు ఎంత ఖర్చవుతోందో, దాన్ని నిజంగా ఎవరు భరిస్తున్నారో ఎక్కడా రాసి ఉండదు. భరిస్తున్న ఆ ఒకరిద్దరు అలసిపోయిన నాడు గ్రూపు ఆగిపోతుంది. ఇలాంటి గ్రూపులు నడుపుతున్నవారు, కొత్తగా పెట్టాలనుకుంటున్నవారు మీ పాఠకుల్లో ఉంటారన్న నమ్మకంతో ఈ లేఖ రాస్తున్నాను.

అవసరం తీరిపోయిందన్న వాదనను ముందు పరిశీలించాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ గానీ, తగిన ప్రాసెసర్ గానీ లేని కంప్యూటర్లు చక్కగా పనిచేస్తున్నా ఒక్కసారిగా పాతబడిపోయాయి. కొత్తది కొనాలా, పొడిగించిన భద్రతా అప్‌డేట్లతో కొంతకాలం నెట్టుకురావాలా, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారాలా అన్నది ఆ కంప్యూటర్ యజమాని ఒక వీడియో చూసి తేల్చుకోగలిగిన విషయం కాదు. ఆ వీడియో చేసినవారికి ఈయన ప్రింటర్ ఏదో తెలియదు, ఏళ్ల తరబడి రాసుకున్న లెక్కలు ఏ పాత ప్రోగ్రాంలో ఉన్నాయో తెలియదు. యూజర్ గ్రూపు సమావేశానికి ఆ కంప్యూటర్‌ను తెచ్చుకుంటే, ఒక సభ్యుడు దాన్ని పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌తో బూట్ చేసి, లోపలి డిస్కు జోలికి పోకుండానే, వైఫై అందుతోందా, ప్రింటర్ కదులుతోందా, స్క్రీన్ వెలుతురు పెంచే మీటలు పనిచేస్తున్నాయా అని ఒక్కొక్కటీ యజమాని చేతనే నొక్కించి చూపిస్తాడు. ఫొటోలన్నీ వేరే డిస్కులోకి వెళ్లాయని, వాటిలో నాలుగైదు తెరిచి చూసి నిర్ధారించుకున్న తర్వాతే ఇన్‌స్టాల్ మాట ఎత్తుతాడు. మనిషి పక్కన మనిషి కూర్చుంటే తప్ప జరగని ఈ పనికి ఈనాటికీ గిరాకీ ఉంది. కానీ ఆ బల్లకు, ఆ కుర్చీలకు, ఆ కరెంటుకు, ఆ ఖాళీ డిస్కుకు ఎవరో ఒకరు డబ్బు కట్టాలి.

ఈ గ్రూపుల చరిత్రలోనే ఈ ప్రశ్న మొదటి నుంచీ ఉంది. ఐబీఎం 704 కంప్యూటర్‌ను వాడే సంస్థలు 1955లో ‘షేర్’ అనే పేరుతో ఒక గ్రూపుగా ఏర్పడి, తాము రాసుకున్న ప్రోగ్రాములను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టాయి. అక్కడికి వచ్చినవారు తమ సంస్థల ఉద్యోగులుగా వచ్చారు కాబట్టి వారి ప్రయాణం, వారి సమయం ఆయా సంస్థల ఖాతాలో పడేవి. ఇరవై ఏళ్ల తర్వాత పరిస్థితి వేరు. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ తొలిసారి కలిసింది. ఆ తర్వాత జనం పెరిగి గ్యారేజీ చాలక, స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ సెంటర్ ఆడిటోరియంలో సమావేశాలు జరిగాయి. యాపిల్ సహవ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ తన యాపిల్-1 కంప్యూటర్‌ను చూపింది ఈ క్లబ్బు మిత్రులకే. ఈ కథ చెప్పుకునేటప్పుడు మనం గ్యారేజీని, ఆడిటోరియాన్ని నేపథ్యంగా మాత్రమే చూస్తాం. కోశాధికారిగా నాకు అవి క్లబ్బుకు అందిన విరాళాలుగా కనిపిస్తాయి. వ్యక్తి ఇల్లు గానీ, సంస్థ భవనం గానీ అందుబాటులో ఉన్నంతవరకూ క్లబ్బుకు అద్దె అన్న ఖర్చు ఉండదు. ఆ వ్యక్తి ఇల్లు మారినా, ఆ సంస్థ నియమం మారినా అదే ఖర్చు ఒక్క రోజులో వచ్చి మీద పడుతుంది.

1980లలో, 1990ల తొలి ఏళ్లలో యూజర్ గ్రూపులకు రాబడి మార్గాలు చాలా ఉండేవి. ఎవరి హక్కులూ లేని పబ్లిక్ డొమైన్ ప్రోగ్రాములను, ముందు వాడి చూసి నచ్చితే డబ్బు కట్టే షేర్‌వేర్‌ను ఫ్లాపీలలోకి కాపీ చేసి సభ్యులకు నామమాత్రపు ధరకు ఇచ్చేవారు. ఖాళీ ఫ్లాపీలను టోకున కొని చిల్లరగా అమ్మేవారు. నెలనెలా వచ్చే న్యూస్‌లెటర్‌లో కంప్యూటర్ దుకాణాల ప్రకటనలు ఉండేవి. సాఫ్ట్‌వేర్ కంపెనీల ప్రతినిధులు స్వయంగా వచ్చి కొత్త ప్రోగ్రాములను చూపి, ఒకటి రెండు ప్యాకెట్లు బహుమతులుగా ఇచ్చి వెళ్లేవారు. అప్పట్లో కంప్యూటర్ కొన్నవారిని చేరడానికి ఆ కంపెనీలకు ఇంతకంటే దగ్గరి దారి లేదు. ప్రోగ్రాములు నేరుగా ఇంటికే దిగడం, ప్రకటనలు వెబ్‌కు మళ్లడం మొదలయ్యాక ఈ రాబళ్లన్నీ కొద్దికాలంలోనే ఎండిపోయాయి. వీటన్నిటికీ మూలం ఒక్కటే కావడం గమనించదగ్గ విషయం: సమాచారం, సాఫ్ట్‌వేర్ దొరకడం కష్టంగా ఉండడం. ఆ కష్టం తీరడంతో నాలుగు వేర్వేరు రాబళ్లుగా కనిపించినవి ఒకేసారి పోయాయి.

ఆ కాలపు పెద్ద గ్రూపుల గతి దీనికి సాక్ష్యం. జొనాథన్ రోటెన్‌బర్గ్ అనే పదమూడేళ్ల కుర్రవాడు 1977లో స్థాపించిన బోస్టన్ కంప్యూటర్ సొసైటీ ఒక దశలో ముప్ఫై వేలకు పైగా సభ్యులతో ప్రపంచంలోనే పేరుమోసిన యూజర్ గ్రూపు అయింది. స్టీవ్ జాబ్స్ 1984 జనవరిలో మాకింటోష్‌ను ఆ సొసైటీ సభ్యుల ముందు ప్రదర్శించారంటే దాని ప్రతిష్ఠ ఎంతటిదో ఊహించుకోవచ్చు. అది 1996లో మూతపడింది. 1984లో మొదలై, పుస్తకమంత మందం ఉండే న్యూస్‌లెటర్‌తో పేరు తెచ్చుకున్న బర్కిలీ మాకింటోష్ యూజర్స్ గ్రూప్ 2000లో మూతపడింది. వాటిని నడిపినవారి నిబద్ధతను నేను ఏమాత్రం శంకించను. వారు పంచిన జ్ఞానం వల్ల ఎందరో బాగుపడ్డారు. అయితే కార్యాలయం, జీతాలు, అచ్చు, తపాలా వంటివి సభ్యులు తగ్గినంత వేగంగా తగ్గే ఖర్చులు కావు. సభ్యుల్లో సగం మంది తగ్గితే చందా సగమవుతుంది, అద్దె మాత్రం సగం కాదు. పెరుగుతున్న కాలంలో తలకెత్తుకున్న స్థిర ఖర్చును తరుగుతున్న కాలంలో దించుకోవడం ఏ స్వచ్ఛంద సంస్థకైనా అతి కష్టమైన పని.

దీనికి భిన్నమైన ఉదాహరణ టెక్ యూజర్స్ గ్రూప్. డోనాల్డ్ నుత్ రూపొందించిన టెక్ అనే అక్షర కూర్పు వ్యవస్థను వాడేవారు 1980లో దీన్ని ఏర్పాటు చేసుకున్నారు. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం. గ్రూపు ప్రచురించే ‘టగ్‌బోట్’ పత్రిక పాత సంచికలను సభ్యులు కానివారు కూడా ఉచితంగా చదువుకోవచ్చు. అంటే సభ్యుడు చందా కట్టేది తనకు మాత్రమే దొరికే వస్తువు కోసం కాదు. ఆ పని ఆగకూడదని కడతాడు. గ్రూపు ఇప్పటికీ ఉంది. ఫ్లాపీ అమ్మి బతికిన గ్రూపుకు, పని ఆగకూడదని చందా కట్టే సభ్యులున్న గ్రూపుకు తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. మొదటిదానికి వస్తువు గిరాకీతో పాటే గ్రూపు గిరాకీ పోయింది.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచినది పుస్తకంలోకి ఎక్కని ఖర్చుల గురించి. ‘మాకు ఖర్చులేమీ లేవు, అందరం స్నేహితులం, ఎలాగో జరిగిపోతోంది’ అని సగర్వంగా చెప్పే గ్రూపు ఏదైనా తీసుకుని దాని నెల రోజుల పనిని నెమ్మదిగా విప్పి చూడండి. హాలుకు అద్దె లేదు, ఎందుకంటే కార్యదర్శి పనిచేసే చోట సెలవు రోజున ఒక గది ఇస్తున్నారు. ప్రొజెక్టర్‌కు ఖర్చు లేదు, ఎందుకంటే ఒక సభ్యుడు తన సొంతది మోసుకొస్తున్నాడు. వెబ్‌సైట్‌కు ఖర్చు లేదు, ఎందుకంటే దాన్ని మొదట పెట్టిన కుర్రవాడు తన సర్వర్‌లోనే ఒక మూల ఉంచాడు. సభ్యులకు సందేశాలు పంపడానికి, టీకి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు, రసీదు పుస్తకానికి అయ్యే చిల్లర ఎవరి చేతిలో ఉంటే వారు ఇచ్చేస్తున్నారు. ఇలా ఇచ్చేవారికి అడగడం మొహమాటం, మిగతావారికి అది తెలియదు. కొన్నాళ్లకు ఇచ్చేవారిలో ఒక రకమైన హక్కు భావం గానీ, మనసులో ఒక మౌనమైన నొచ్చుకోలు గానీ మొదలవుతుంది. రెండూ గ్రూపుకు మంచివి కావు. ఆ మనిషి ఉద్యోగం మారి వేరే ఊరికి వెళ్లిన నెలలో గది, ప్రొజెక్టర్, వెబ్‌సైట్ మూడూ ఒకేసారి పోతాయి. అప్పుడు చందా ఎంత ఉండాలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అసలు ఖర్చు ఎంతో ఎప్పుడూ లెక్క కట్టలేదు.

వీటిలో డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ చిరునామా, సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం పద్దులో అతి చిన్నదైన ఈ ఖర్చే అతి పెద్ద నష్టం చేయగలదు. గ్రూపు పెట్టిన కొత్తలో ఎవరో ఒకరు తన సొంత ఈమెయిల్‌తో, తన సొంత కార్డుతో డొమైన్ నమోదు చేస్తారు. కొన్నేళ్లకు ఆ కార్డు గడువు తీరుతుంది, ఆ ఈమెయిల్‌ను ఆయన చూడడం మానేస్తారు. పునరుద్ధరణ హెచ్చరికలు ఆ పెట్టెలోనే పడి ఉంటాయి. ఒక ఉదయం వెబ్‌సైట్ తెరుచుకోదు, దానితో పాటు ఆ డొమైన్ మీద ఉన్న గ్రూపు ఈమెయిళ్లూ ఆగిపోతాయి. గడువు తీరిన తర్వాత కొద్ది రోజులు పాత యజమానికి తిరిగి తీసుకునే వీలు ఉంటుంది గానీ, అది కూడా దాటితే ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. గ్రూపు పేరు మీద ఒక ఈమెయిల్, దాని పాస్‌వర్డ్ కనీసం ఇద్దరు కార్యవర్గ సభ్యుల దగ్గర, డొమైన్‌కు రెండు మూడేళ్ల రుసుము ముందే కట్టి ఉంచడం, గడువు తేదీని జమాఖర్చుల పుస్తకం మొదటి పుటలో రాసి పెట్టడం, ఇంతకు మించి దీనికి ఏమీ అక్కర్లేదు.

అందువల్ల ప్రతి గ్రూపు కోశాధికారినీ నేను కోరేది ఇది. ఎవరైనా సొంతంగా ఇచ్చిన ప్రతిదాన్నీ, అది డబ్బు కాకపోయినా, బయట దానికి ఎంత ఇవ్వవలసి వచ్చేదో ఆ విలువ కట్టి పుస్తకంలో రాయండి. ‘హాలు: ఫలానా సభ్యుని సౌజన్యం, విలువ ఇంత’ అని జమ వైపు విరాళంగా, ఖర్చు వైపు అద్దెగా రెండు చోట్లా రాస్తే నిల్వ మారదు, కానీ ఏడాది చివర కింద వచ్చే మొత్తం చూసినప్పుడు గ్రూపు నడవడానికి నిజంగా ఎంత కావాలో అందరికీ ఒకేసారి తెలుస్తుంది. ఇచ్చినవారి పేరు సర్వసభ్య సమావేశంలో చదివితే వారికి దక్కవలసిన గౌరవమూ దక్కుతుంది. ఇది మొదలుపెట్టినప్పుడు కొందరు మిత్రులు ‘మన మధ్య లెక్కలేమిటి’ అని నొచ్చుకుంటారు. ఆ మాటను ఓపికగా విని, అయినా రాయాలి.

ఆ మొత్తం తెలిశాక చందా నిర్ణయించడం సులువవుతుంది. అద్దె, ఇంటర్నెట్, డొమైన్, వెబ్‌సైట్‌ను ఉంచే సర్వర్ అద్దె (హోస్టింగ్), పరికరాల మరమ్మతు, బ్యాంకు రుసుములు, రిజిస్ట్రేషన్ ఉంటే దాని వార్షిక పత్రాల ఖర్చు, ఇవన్నీ ఏడాదికి ఎంతో తేల్చుకుని, దాన్ని ఇప్పటి సభ్యుల సంఖ్యతో కాక, వచ్చే ఏడాది తప్పక కొనసాగుతారని నమ్మకం ఉన్నవారి సంఖ్యతో భాగించాలి. ఉదాహరణకు జాబితాలో 100 మంది ఉండి, వారిలో 70 మంది మాత్రమే చందా తిరిగి కట్టే అలవాటు ఉన్నవారైతే, 70తో భాగించినప్పుడు వచ్చేదే అసలు చందా. 100తో భాగించి తక్కువ చందా పెట్టిన గ్రూపు, ఏడాది మొదట్లో అందరినీ సంతోషపెట్టి, చివరి మూడు నెలలు హాలు యజమానికి మొహం చాటేయవలసి వస్తుంది. పరికరాల విషయంలో మరో మాట. ప్రొజెక్టర్ నాలుగైదేళ్లు వస్తుందనుకుంటే, దాని ధరలో ఏటా ఆ వంతు పక్కన పెడుతూ రావాలి. లేకపోతే అది పాడైన నాడు అత్యవసర విరాళాల కోసం చేయి చాచవలసి వస్తుంది, అలా చాచిన ప్రతిసారీ స్పందన తగ్గుతుంది.

చందా పెంచితే సభ్యులు పోతారన్న భయం అన్ని కార్యవర్గాల్లోనూ ఉంటుంది. నా అభిప్రాయంలో, ఎందుకు పెంచుతున్నామో ఆ పద్దు కాగితంతో సహా చూపినప్పుడు పోయేవారు తక్కువ, పద్దు చూపకుండా పెంచినప్పుడు పోయేవారు ఎక్కువ. అదే సమయంలో గుమ్మం దగ్గర రుసుము పెట్టడాన్ని నేను అంగీకరించను. చెడిపోయిన కంప్యూటర్‌ను చేతపట్టుకుని, ఇక్కడ తనను చిన్నచూపు చూస్తారేమోనన్న సందేహంతో మొదటిసారి వచ్చే మనిషిని తలుపు దగ్గరే డబ్బు అడిగితే, ఆయన మళ్లీ రాడు. మొదటి ఒకటి రెండు సమావేశాలు ఎవరికైనా ఉచితంగా ఉండాలి. విద్యార్థులకు, ఉద్యోగం లేనివారికి తక్కువ చందా ఉండాలి, దానికి రుజువులు అడగకూడదు. ఆ తగ్గింపును ఇష్టపూర్వకంగా ఎక్కువ చందా కట్టే సభ్యులు పూడుస్తారు. అలాంటివారు ప్రతి గ్రూపులోనూ ఉంటారు, వారిని అడగాలి అంతే.

డబ్బు అవసరమైన గ్రూపులన్నిటికీ ఏదో ఒక దశలో తట్టే ఆలోచన జీవిత సభ్యత్వం. ఒకేసారి పెద్ద మొత్తం వస్తుంది, ఆ ఏడాది గడిచిపోతుంది. కానీ ఆ సభ్యునికి గ్రూపు చేయవలసిన సేవ ఆయన ఉన్నంతకాలం ఉంటుంది, ఆయన నుంచి ఇక రాబడి ఉండదు. నిత్యం చందా కట్టగల నమ్మకమైన సభ్యులే జీవిత సభ్యులుగా మారతారు కాబట్టి, ఆ పథకం వల్ల గ్రూపు తన అత్యంత స్థిరమైన రాబడినే ముందుగా తినేస్తుంది. జీవిత సభ్యత్వం పెట్టి తీరాలనుకుంటే, ఆ మొత్తాన్ని విడిగా డిపాజిట్ చేసి వడ్డీ మాత్రమే వాడాలి, ఏడాది వడ్డీ ఏడాది చందాకు సరిపోయేంత పెద్దదిగా ఆ రుసుము ఉండాలి. అంత రుసుము ఎవరూ కట్టరని తేలితే, ఆ పథకం గ్రూపుకు తగినది కాదని అర్థం. ఇలాగే ఏడాది చందా మొత్తం ఒకే నెలలో చేతికి వచ్చినంత మాత్రాన అదంతా ఆ నెలలో ఖర్చు పెట్టదగిన డబ్బు కాదు. రాబోయే పదకొండు నెలల అద్దె అందులోనే ఉంది. బ్యాంకు నిల్వ చూసి కొత్త పరికరాలు కొనే ఉత్సాహాన్ని అదుపు చేయవలసింది కోశాధికారే.

స్పాన్సర్ల విషయంలో నేను కొంత కఠినంగానే ఉంటాను. బయటి సంస్థ ఇచ్చే డబ్బు అదనపు పనులకు మంచిదే: ఏడాదికోసారి జరిపే పెద్ద సమావేశానికి, రోజంతా లినక్స్ ఇన్‌స్టాల్ చేసే శిబిరానికి, బడి పిల్లల తరగతులకు. ఆ డబ్బు రాని ఏడాది ఆ పని చిన్నదవుతుంది, గ్రూపు మాత్రం ఆగదు. కానీ నెలవారీ హాలు అద్దెను ఒక కంపెనీ కడుతుంటే, ఆ కంపెనీలో మనల్ని ఎరిగిన అధికారి బదిలీ అయిన రోజున గ్రూపుకు గది ఉండదు. ఇంకో ప్రమాదం దీనికంటే పెద్దది. స్పాన్సర్ అడిగే మొదటి కోరిక తరచుగా సభ్యుల ఫోన్ నంబర్లు, ఈమెయిళ్ల జాబితా. దాన్ని ఎంత మొత్తానికైనా ఇవ్వకూడదు, ఇవ్వబోమని నిబంధనావళిలోనే రాసి ఉంచాలి, ఎందుకంటే మన దగ్గరికి వచ్చేవారు తమ కంప్యూటర్‌ను, దానిలోని సొంత జీవితాన్ని తెరిచి మన ముందు పెడుతున్నారు. స్పాన్సర్ ప్రతినిధికి మాట్లాడే అవకాశం ఇవ్వవచ్చు; అదే సమావేశంలో ఆ వస్తువు లోపాల గురించి సభ్యులు స్వేచ్ఛగా ప్రశ్నించే వీలు కూడా ఉండాలి.

పాత కంప్యూటర్ భాగాల వేలం, వాడిన పుస్తకాల అమ్మకం వంటివి చిన్న రాబడి ఇస్తాయి, వాటి వల్ల సభ్యుల మధ్య సందడీ ఉంటుంది; వాటి మీద బడ్జెట్ కట్టకపోతే చాలు.

డబ్బు ఎవరి చేతిలో ఉండాలన్నది కూడా తేలవలసిన విషయం. గ్రూపు డబ్బు కోశాధికారి సొంత ఖాతాలో ఉండకూడదు. ఆయన ఎంత నిజాయితీపరుడైనా, ఆయనకు ఏదైనా అయితే ఆ కుటుంబానికీ గ్రూపుకూ మధ్య అనవసరమైన చిక్కు వస్తుంది. సమావేశంలో చందాల పెట్టెను ఇద్దరు కలిసి లెక్కపెట్టి, మొత్తాన్ని అక్కడికక్కడే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయడం ఎవరినీ అనుమానించడం కాదు. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే ఆ ఇద్దరినీ కాపాడేది ఆ కాగితమే. రిజిస్ట్రేషన్ భారం మోయలేని చిన్న గ్రూపులు తమ నిధులను ఒక పెద్ద లాభాపేక్ష లేని సంస్థ నీడన ఉంచుకునే పద్ధతి ఉంది. లినక్స్ రూపాల్లో ఒకటైన డెబియన్ వంటి ప్రాజెక్టుల కోసం 1997లో ఏర్పడిన ‘సాఫ్ట్‌వేర్ ఇన్ ది పబ్లిక్ ఇంటరెస్ట్’ అలాంటిదే. ఈ పద్ధతి మంచిదే, అయితే నీడనిచ్చే సంస్థ కూడా శాశ్వతమని అనుకోకూడదు. అమెరికాలో ఎన్నో చిన్న బృందాల డబ్బును నిర్వహించిన ఓపెన్ కలెక్టివ్ ఫౌండేషన్ 2024 చివరికల్లా మూసివేస్తున్నట్టు ప్రకటించడంతో, దాని కింద ఉన్న బృందాలన్నీ కొద్ది నెలల్లో వేరే చోటు వెతుక్కోవలసి వచ్చింది. ఎక్కడ డబ్బు ఉంచినా, దాని లెక్కల ప్రతి ఒకటి మన దగ్గర ఉండాలి, వైదొలగే పద్ధతి ఏమిటో చేరే రోజునే అడిగి తెలుసుకోవాలి.

సమావేశాలు ఆన్‌లైన్‌లో పెట్టుకుంటే ఖర్చే ఉండదు కదా అని కొందరు సూచిస్తారు. దూరాన ఉన్నవారికి, ఇల్లు కదలలేనివారికి ఆ సౌకర్యం తప్పక ఉండాలి. కానీ ఖర్చు పోదు, రూపం మారుతుంది. జూమ్ ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలకే ముగుస్తుంది. వీడియో సమావేశాలకు వాడే జిట్సీ, బిగ్‌బ్లూబటన్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా నడపాలంటే సర్వర్ అద్దె, దాన్ని చూసుకునే మనిషి కావాలి. హాలులోనూ ఆన్‌లైన్‌లోనూ ఒకేసారి జరపాలంటే మంచి మైకు, కెమెరా, నమ్మదగిన కనెక్షన్ అదనం. అన్నిటికీ మించి, బూట్ కాని కంప్యూటర్‌ను తెర ముందు పెట్టి బాగుచేయించుకోవడం సాధ్యం కాదు, ఎందుకంటే ఆ మనిషికి ఉన్న ఒకే కంప్యూటర్ అదే.

ఆర్నెల్ల స్థిర ఖర్చుకు సరిపడే నిల్వ ఎప్పుడూ బ్యాంకులో ఉండాలన్నది నేను పాటించే నియమం. అంతకంటే తక్కువైతే ఒక చెడ్డ ఏడాదిని తట్టుకోలేం. రెండేళ్ల ఖర్చుకు మించి పేరుకుంటే, సభ్యుల నుంచి అవసరానికి మించి వసూలు చేస్తున్నామని ఒప్పుకుని చందా తగ్గించాలి, లేదా ఆ డబ్బుతో చేయవలసిన పని ఏదో తేల్చాలి. గ్రూపు ఒకవేళ ఆగిపోతే మిగిలిన డబ్బు, పరికరాలు ఏ గ్రంథాలయానికో, పాఠశాలకో, సాటి గ్రూపుకో చెందాలన్న నిబంధనను గ్రూపు ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాసుకోవాలి. మూసేసే వేళకు మిగిలే ముగ్గురు నలుగురి మధ్య ఆ చర్చ పెడితే స్నేహాలు చెడతాయి. ఏటా ఒకసారి పద్దు మొత్తాన్ని, సభ్యులు కానివారికి కూడా అర్థమయ్యే భాషలో, ఒకే పుటలో రాసి అందరికీ పంచాలి. కోశాధికారి పదవిలో ఒకరే ఏళ్ల తరబడి ఉండకుండా, పక్కన ఒక సహాయకుణ్ణి పెట్టుకుని నేర్పాలి. నేను ఇప్పుడు ఆ పనే చేస్తున్నాను. మా గ్రూపులో ఒక యువ సభ్యురాలు రసీదులు, నెలవారీ పద్దులు చూడడం మొదలుపెట్టారు. వచ్చే సర్వసభ్య సమావేశంలో లెక్కలు ఆమే చదువుతారు.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. సాహిత్య సభలకు, సంగీత కార్యక్రమాలకు, ఆధ్యాత్మిక ప్రవచనాలకు మీరు ప్రతిరోజూ ‘నేటి కార్యక్రమాలు’ శీర్షికలో ఉచితంగా చోటు ఇస్తున్నారు. యూజర్ గ్రూపుల సమావేశాలకు కూడా అక్కడ ఒకటి రెండు పంక్తులు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ప్రచారానికి డబ్బు పెట్టలేని ఈ గ్రూపులు సామాజిక మాధ్యమాల మీదే ఆధారపడుతున్నాయి. కంప్యూటర్ సహాయం అందరికంటే ఎక్కువగా కావలసిన పెద్దవారిలో చాలామంది ఆ మాధ్యమాల్లో లేరు, మీ పత్రికను మాత్రం ఉదయాన్నే చదువుతున్నారు. తేదీ, సమయం, చోటు, ఆ రోజు అంశం, ప్రవేశం ఉచితమా కాదా అన్న వివరాలతో వారం ముందుగా పంపితే ప్రచురిస్తామని మీరు ఒక ప్రకటన ఇస్తే, మిగతా గ్రూపులవారికీ ఆ సంగతి చేరుతుంది. మా తరఫున తదుపరి సమావేశం వివరాలను ఈ లేఖతో పాటు విడిగా జతచేశాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక కంప్యూటర్ యూజర్ గ్రూపు కోశాధికారి